నూరు మిల్లీమీటర్ల గీత

పర్లాకిమిడిలో మాది జెరాక్సు కొట్టు.
బోర్డు ఒడియాలో ఉంటుంది, బేరం తెలుగులో నడుస్తుంది,
మిషను మాత్రం
దానికి తోచిన భాషలో గునుస్తుంది.

దివాకర్ సబర వచ్చాడు ఓ మధ్యాహ్నం.
హాస్టలు చొక్కా, జేబులో పెన్‌డ్రైవు,
సంచినిండా జీలుగుబెండు ముక్కలు.
ఠాకురాణి జాతరకి కిరీటాలు కట్టేవాళ్ళ దగ్గర
మిగిలినవి ఏరుకొచ్చాడట.

"విమానం నక్షా అక్కా. పదిహేను కాగితాలు.
అన్నీ అతికిస్తే ఒక రెక్క.
ముందొక్కటి తియ్యి. అందులో గీతుంటాది."

ఉంది, ఓ మూల.
కింద రాసుంది: ఇది నూరు మిల్లీమీటర్లు.
తన గురించి తను చెప్పుకున్న మాట.
వాడు ప్లాస్టిక్ స్కేలు ఆనించాడు.
తొంభై ఏడు.

నవ్వాను.
మూడు మిల్లీమీటర్లంటే ఎంతరా, బియ్యపుగింజలో సగం.
వాడు నవ్వలేదు.
"రెక్క మీటరక్కా. మూడు సెంటీమీటర్లు పోతాది.
పోనీ, అన్నీ కలిసి చిన్నవైతే పర్లేదు.
వెదురుపుల్ల చిన్నదవదు కదా, కన్నంలో పట్టదు.
మోటారు చిన్నదవదు.
గాలి చిన్నదవదు."

గాలి చిన్నదవదు.
ఆ మాటకి కుర్చీలోంచి లేచాను.

వెతికితే దొరికింది:
'కాగితానికి సరిపడా కుదించు' దగ్గర టిక్కు.
ఎవరు పెట్టారో, ఎన్నేళ్ళైందో.
అంచున ఏదీ తెగకూడదని
అందర్నీ కాస్త ఒదిగి కూర్చోమంటుంది మిషను,
పెళ్ళిబస్సులో పెద్దమ్మలాగ.
టిక్కు తీసేశాను.

మళ్ళీ స్కేలు పెట్టబోతే ఆపాను.
సొరుగులో, నూనెగుడ్డలో, నాన్న ఉక్కు స్కేలుంది.
గుణుపురం చిన్నరైలు ఇంజన్లకి ఫిట్టరు ఆయన.
పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాలు,
అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా
రాత్రి అన్నం సయించేది కాదు.
ఇప్పుడా పట్టాలూ లేవు, ఆయనా లేడు.
"సున్నా నుంచి కొలవకే అమ్మీ,
సున్నాయే ముందు అరుగుద్ది.
పది నుంచి మొదలెట్టు, ఆనక పది తీసెయ్."

పది నుంచి పెట్టాం.
అడ్డం నూరు.
నిలువు తొంభై తొమ్మిదిన్నర.

రోలరు అరిగిపోయింది.
పదకొండేళ్ళుగా లాగుతోంది పాపం
కులపత్రాలు, బస్సుపాసులు, జాకెట్టు కొలతలు,
పొలం నక్షాలు.

పొలం నక్షాలు!
ఆ ఏడు జెన్నా అన్నదమ్ములిద్దరూ
నా కాపీ మీదే స్కేలు పెట్టి
మూరెడు గట్టు కోసం తలలు పగలగొట్టుకున్నారు.
అమీనుదే తప్పన్నాను నేను, గట్టిగా, నలుగురిలో.
దివాకర్‌కి ఈ సంగతి చెప్పలేదు.
నిలువుకి మాత్రం నూటికి అర కలిపి
మీట నొక్కాను.

పదిహేనూ నేలమీద పరిచాం.
ఫ్యాను ఆపించాడు.
మోకాళ్ళ మీద పాకుతూ
మూల నుంచి మూలకి దారం లాగి కొలిచాడు,
రెండో మూల నుంచీ కొలిచాడు.
గీతకి గీత అందింది.
ఒక్క చోట అందలేదు,
దాన్ని పెన్సిలుతో వాడే కలుపుకున్నాడు.

పదిహేనింటికే డబ్బులు తీసుకున్నాను.
పాడైనవి నావి.
సరిగ్గా వచ్చిన గీతని మరొకటి తీసి
గోడకి అతికించాను.

వచ్చినవాళ్ళు అడుగుతారు, "ఏటది?"
గీత.
"దేనికి?"
నన్ను చూసుకోడానికి.
అర్థం కాక, ఆధార్ రెండువైపులా తియ్యమంటారు.

ఆషాఢంలో వచ్చాడు వాడు, ముక్కు విరిగిన విమానంతో.
ఎగిరిందేట్రా?
"పదకొండు సెకన్లు," అన్నాడు,
పదకొండేళ్ళు అన్నట్టు.
బయట మూడ్రోజులుగా ముసురు.
ఊరికే స్కేలు తీసి గోడమీది గీతని కొలిచాను.
నూరు దాటి, ఇంకో సన్నని పిసరు.

ఉక్కుని అనుమానించి మళ్ళీ కొలిచాను.
అదే.
వానలు కదా,
కాగితం కాస్త ఒళ్ళు చేసింది.